గొప్ప ఆటగాళ్లను గౌరవించే అమెరికా హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కని తొలితరం బేస్‌బాల్ ఆటగాళ్లలో ఎవరు అర్హులు?

నా ఓటు ముందు డాక్ ఆడమ్స్‌కే. వృత్తి వైద్యం, ఆడింది న్యూయార్క్ నికర్‌బాకర్ జట్టుకు. షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల నడుమ నిలిచే ఫీల్డర్; బేస్ అంటే పరుగు తీసేవాడు తాకాల్సిన గుర్తు) స్థానంలో మొదట నిలబడింది ఈయనేనని చాలామంది చరిత్రకారుల మాట. 1857లో జట్లు కలిసి నియమాలు ఖరారు చేసుకున్న సమావేశానికి అధ్యక్షుడూ ఈయనే. బేస్‌కూ బేస్‌కూ నడుమ 90 అడుగుల దూరం, తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆట స్థిరపడింది అక్కడే. హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న కూపర్‌స్టౌన్‌లోని ఫలకం మాత్రం ఆ ఘనతను అదే నికర్‌బాకర్ జట్టువాడైన అలెగ్జాండర్ కార్ట్‌రైట్ పేరిట రాసేసింది. సొమ్మొకడిది, సోకొకడిది! 2015లో హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ ఓటింగులో ఆడమ్స్‌కు పదహారింట పది ఓట్లు పడ్డాయి, కావలసినవి పన్నెండు.

రాస్ బార్న్స్ సంగతి కాస్త చిక్కు. 1876లో, నేషనల్ లీగ్ మొదటి సీజన్‌లో, .429 బ్యాటింగ్ సగటుతో అందరికంటే పైన నిలిచాడు. ఆ లీగ్ తొలి హోమ్ రన్ కూడా అతడిదే. అయితే బంతిని గీత లోపల పడేసి బయటికి దొర్లించే అతడి ఎత్తుగడను 1877లో నిబంధన మార్చి చెల్లకుండా చేశారు. అదే ఏడు జబ్బుపడ్డాడు, మునుపటి ఆట మళ్లీ రాలేదు. హాల్ ఆఫ్ ఫేమ్‌కు పది సీజన్లు ఆడి ఉండాలన్న నియమమూ అతడికి అడ్డే.

బిల్ డాలెన్‌ది మరీ అన్యాయం: 2,400 పైచిలుకు హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరడమే హిట్), 1894లో వరుసగా 42 మ్యాచ్‌లలో హిట్. అయినా బయటే ఉన్నాడు.