తుప్పు పట్టిన పాత పికప్‌ని ఇంటి దగ్గరే బాగుచేసుకోవచ్చా?

మీరడిగింది ఇదీ: పోయిన నాన్నగారి పికప్ ఆరేళ్లుగా పశువుల పాక పక్కన పడి ఉంది, ఒళ్లంతా తుప్పు, పాత ఇనుము కొట్టువాడు కిలోల లెక్కన అడుగుతున్నాడు, అమ్మడానికి మనసొప్పడం లేదు, ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా అని. చేసుకోవచ్చు. నేను చేశాను. కాకపోతే నేను మొదలుపెట్టిన చోట మాత్రం మీరు మొదలుపెట్టకండి.

మాది భీమవరం పక్కన పల్లెటూరు. బండి టాటా 207 డీఐ. పదమూడేళ్లు చేపల చెరువుల మీదే తిరిగింది. ట్రేల్లో ఐసు కరిగి, రొయ్యల ఉప్పునీళ్లతో కలిసి, వెనక బాడీ సందుల్లోంచి నేరుగా ఛాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం) మీదకే కారేది. ఇనుము తుప్పు పట్టడానికి గాలీ తేమా చాలు, దానికి ఉప్పు తోడైతే ఇక ఆగదు. సాయంత్రం రెండు బకెట్ల మంచినీళ్లు కింద కూడా కొట్టి ఉంటే ఈ కథంతా ఉండేది కాదు. ఎవరు కొడతారు? పైన కడిగి దణ్ణం పెట్టి పడుకునేవాళ్లం.

నేను చేసిన తప్పు, ముందు పెయింటింగ్‌కి ఇవ్వడం. టౌన్లో ఒకాయన నలభై వేలు తీసుకుని పెళ్లికొడుకులా తయారుచేసి ఇచ్చాడు. నాలుగు నెలలకి డోర్ల కింద పొక్కులు లేచాయి. స్క్రూడ్రైవర్‌తో గీకితే వేలు మందాన పుట్టీ ఊడొచ్చింది, దాని వెనక తుప్పు అలాగే ఉంది. తుప్పు మీద పుట్టీ పెట్టడమంటే పుండు కడక్కుండా కట్టు కట్టడమే.

అందుకే మీరు ముందు ఒక చిన్న సుత్తీ, టార్చిలైటూ పట్టుకుని బండి కింద దూరండి. జాకీ మీద మాత్రం నమ్మకం పెట్టుకోకండి, చక్రాల కింద చెక్కదుంగలు పెట్టండి. ఛాసిస్‌ని జానెడు జానెడు కొట్టుకుంటూ వెళ్లండి. ఠంగుమంటే ఇనుము ఉన్నట్టు. దబ్ దబ్ అని చచ్చిన శబ్దం వచ్చినా, పెచ్చులు పొరలు పొరలుగా రాలినా అక్కడ ఆగి స్క్రూడ్రైవర్‌తో పొడవండి. క్యాబిన్ వెనక, వెనక ఇరుసు పైన వంపు, కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు) వేలాడే హ్యాంగర్లు, అడ్డ మెంబర్ల అతుకులు, స్టీరింగ్ బాక్స్ బిగించే చోటు, ఇవి వదలకండి. మాకు వెనక ఎడమ హ్యాంగర్ దగ్గర స్క్రూడ్రైవర్ అప్పడంలోకి దిగినట్టు దిగింది. రెండు పక్కలా మెయిన్ రైలు, అంటే ఛాసిస్ పొడవునా ఉండే ఇనుప దూలం, ఇలా ఉంటే, బాధగానే చెబుతున్నాను, ఇనుము కొట్టువాడికే ఇవ్వండి. ఒకచోటే అయితే ప్లేటు వేయించవచ్చు. అది నేను చేయలేదు, ముప్పై ఏళ్లుగా లారీల పని చేసిన వెల్డర్ బాబాయ్ చేత చేయించాను. ప్లేటు చివరలు నిలువుగా కాకుండా పతంగిలా కోణంగా కోశాడాయన. రైలుకి అడ్డంగా తిన్నగా వెల్డింగ్ లాగితే బరువు పడ్డప్పుడు సరిగ్గా ఆ గీత దగ్గరే పగులుతుందన్నాడు.

సుత్తి దెబ్బలకి ఛాసిస్ పాసయిందంటే అప్పుడు కాగితాలు. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే వారసుల పేరుకి మార్చుకోవడానికి ఫారం 31 ఉంటుంది, అది ముందు పెట్టుకోండి. పసుపు ప్లేటు బండి అయితే ఎనిమిదేళ్లు దాటిన దగ్గర్నుంచి ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే. ఇంకో మాట, ఛాసిస్ నంబరు గుద్ది ఉన్న చోట గ్రైండర్ పెట్టొద్దు. నంబరు చెరిగిందంటే లక్ష ఖర్చుపెట్టిన బండి కూడా కాగితాల్లో దొంగబండి లెక్కే. నేను ఆ జానెడు చోటికి గ్రీజు రాసి టేపు చుట్టాను. రంగు కూడా పాతదే వేయండి, మార్చితే ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ మీద రాయించుకోవాలి.

విప్పడంలో తొందర వద్దు. బోల్టుల మీద రెండు రోజుల ముందు నుంచే డీజిల్ పోస్తూ ఉండండి. విప్పే ముందు రవ్వంత బిగించే వైపు కదపండి, పట్టు వదులుతుంది. మొండివాటికి గ్యాస్ వేడి తప్పదు, కానీ అప్పటికి డీజిల్ ట్యాంకు దింపేసి దూరంగా ఉండాలి, బ్యాటరీ వైర్లు తీసేయాలి. విప్పిన ప్రతిదానికీ ఫోన్లో ఫొటో తీయండి, బోల్టుల్ని విడివిడిగా పెరుగు డబ్బాల్లో వేసి పేరు రాయండి. నేను అన్నీ ఒకే గంపలో పోశాను. సంక్రాంతికి వచ్చిన బావమరుదులు ముగ్గురూ కూర్చుని వాటిని వేరుచేయడంతోనే పండగ అయిపోయింది.

తుప్పు తీయడానికి పెద్ద భాగాలకి గ్రైండర్‌కి తీగల బ్రష్. కళ్లద్దాలు లేకుండా ఒక్క నిమిషం కూడా వద్దు, ఆ తీగలు ఊడి సూదుల్లా వస్తాయి. చిన్న సామానుకి కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు. పది లీటర్ల నీళ్లలో అరకిలో కలిపి రాత్రంతా నానబెడితే పొద్దుటికి తుప్పు బురదలా జారిపోతుంది. తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, ఆ రోజే ప్రైమర్ కొట్టాలి. మా గోదావరి గాలికి రంగు లేని ఒట్టి ఇనుము మర్నాటికల్లా మళ్లీ ఎర్రబడుతుంది. కమాన్ కట్టలు, స్ప్రింగులు, గట్టి బోల్టులు మాత్రం ఇందులో ముంచకండి. యాసిడ్‌లో పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి పెళుసు చేస్తుంది. చాకలి సోడా నీళ్లలో సామాను ముంచి, బ్యాటరీ ఛార్జర్ వైర్లతో కరెంటు పంపి కూడా తీస్తారు, బాగా పనిచేస్తుంది. అలా చేస్తే ఆరుబయటే చేయండి, పాజిటివ్ వైపు స్టీలు గిన్నె వేలాడదీయకండి, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలోకి దిగుతుంది.

క్యాబిన్ ఫ్లోరుకి, డోర్ల అడుగుకి కుళ్లిన రేకు మంచి రేకు వచ్చేదాకా కోసేసి కొత్తది అతికించాలి. పల్చటి రేకుకి ఆర్క్ వెల్డింగ్ పెడితే బొక్కలే, మిగ్ మెషిన్ (తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్ మెషిన్) అద్దెకి తెచ్చుకుని చుక్క ఇక్కడొకటి అక్కడొకటి పెడుతూ పోవాలి. డోరు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. మా బండికి అవి మట్టితో మూసుకుపోయి, డోరు లోపల చెరువే నిలిచింది. అవి తెరిచి ఉంచండి.

ఇంజిన్ గురించి అందరూ భయపడతారు, నిజానికి అదే తేలిక. ఆరేళ్లు ఆగింది కాబట్టి సెల్ఫ్ కొట్టకండి. నాజిల్స్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) తీసి ఆ రంధ్రాల్లో కాస్త ఆయిల్ పోసి, రెండు రోజులాగి పుల్లీని చేత్తో తిప్పండి. తిరిగితే బతికినట్టే. ట్యాంకులో పాత డీజిల్ పారబోసి, ఫిల్టర్లు మార్చి, డీజిల్ పైపుల్లో చిక్కిన ఎయిర్ తీయండి.

బ్రేకుల దగ్గర పిసినారితనం వద్దు. బ్రేక్ ఆయిల్ తేమని పీల్చుకుంటుంది, పైపులు లోపల్నుంచే తింటుంది. పైపులు, వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ అన్నీ కొత్తవే వేశాను. మాకు సామానంతా విజయవాడ ఆటోనగర్లో ఒక్క రోజులో దొరికింది.

పెయింటు వానాకాలంలో వేయకండి, తేమకి తెల్లబారుతుంది. ఛాసిస్‌కి రెడాక్సైడ్ ప్రైమర్ మీద బ్రష్‌తో ఎనామెల్, బాడీకి అద్దె కంప్రెసర్. హార్డెనర్ కలిపే టూ-కే పెయింటు ఇంటి దగ్గర వద్దు, దాని పొగ ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, మామూలు గుడ్డ మాస్క్ ఆపలేదు.

నాకు పద్నాలుగు నెలల ఆదివారాలు, ఆ వృథా నలభై వేలతో కలిపి లక్షా అరవై వేలు అయ్యాయి. ఆ డబ్బుకి నడిచే సెకండ్ హ్యాండ్ బండే వస్తుందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, లెక్క ప్రకారం ఆమే కరెక్ట్.

మీ బండి ఏ మోడలో రాయలేదు. సుత్తితో కొట్టి చూశాక వెనక హ్యాంగర్ల దగ్గర ఫొటోలు దగ్గరగా తీసి పెట్టండి, ప్లేటు పట్టే ఇనుమా కాదా బాబాయ్‌ని అడిగి చెబుతాను.