30 సెకన్ల రేడియో ప్రకటన: ఇంటర్వ్యూకి ఏం తయారు చేసుకోవాలి?

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. రేడియోకి ప్రకటనలు రాసే ఉద్యోగానికి దరఖాస్తు చేశాను. ఏదైనా స్థానిక వ్యాపారానికి 30 సెకన్ల ప్రకటన ప్లాన్ చేసుకుని రమ్మన్నారు. ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: ‘రాసుకుని రమ్మన’లేదు, ‘ప్లాన్ చేసుకుని రమ్మన్నారు’. కాబట్టి స్క్రిప్టు చివర్లో. ముందు ఒక పేజీలో నాలుగు విషయాలు తేల్చండి: వినాల్సింది ఎవరు, వాళ్ల ఇబ్బంది ఏమిటి, ఈ వ్యాపారం ఇచ్చే ఒకే ఒక్క మాట ఏమిటి, విన్నాక వాళ్లు ఏం చేయాలి.

ఉదాహరణకి సైకిళ్లు బాగుచేసే షాపు అనుకుందాం. ‘నాణ్యతకు మారుపేరు, నమ్మకానికి చిరునామా’ అని మొదలుపెడితే అది ఏ షాపుకైనా అతుకుతుంది, అంటే ఎవరికీ పనికిరాదు. దానికి బదులు చైను ఊడిన కరకర చప్పుడు, వెంటనే పిల్లాడి గొంతు: ‘అమ్మా, మళ్లీ ఊడింది! రేపు బడికెలా?’ తర్వాత షాపు మాట: ‘రాత్రి 7 లోపు ఇవ్వండి, పొద్దున 7కి తీసుకెళ్లండి.’ మొదటి 5 సెకన్లలోనే ఎవరికోసమో తెలిసిపోయింది.

తెలుగులో తాపీగా చదివితే 30 సెకన్లకు 50 నుంచి 60 మాటలు పడతాయి. చప్పుళ్లు, సంగీతం ఉంటే 45 దగ్గర ఆగండి. కళ్లతో చదివి లెక్క వేయొద్దు, పైకి చదువుతూ స్టాప్‌వాచ్ పెట్టండి. కొత్తవాళ్లు 80 మాటలు రాసి వాయిస్ ఆర్టిస్టును పరిగెత్తిస్తారు; అప్పుడు షాపు పేరే వినబడకుండా పోతుంది. ఆ పేరు కనీసం రెండుసార్లు, వీలైతే మూడుసార్లు రావాలి. ఫోన్ నంబరు వద్దు. బండి నడుపుతూ వినేవాళ్లు రాసుకోలేరు. ‘బస్టాండు ఎదురుగా’ లాంటి గుర్తు చెబితే చాలు. హారన్లు, సైరన్లు కూడా వాడకండి, డ్రైవర్లు ఉలిక్కిపడతారు. సినిమా పాట ముక్క పెట్టాలంటే హక్కులు కొనాల్సిందే.

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది షెడ్యూలు, అంటే ప్రకటన ఏ రోజు, ఏ వేళకు ఎన్నిసార్లు రావాలన్నది. మీరు మార్కులు కొట్టగలిగేదీ అక్కడే. 60 స్పాట్లకు (ప్రకటన ఒకసారి ప్రసారమైతే ఒక స్పాటు) సరిపడా బడ్జెట్ ఉందనుకోండి. రోజుకు 2 చొప్పున నెలంతా పరిస్తే ఒకే మనిషి చెవిన అది రెండోసారి పడడమే కష్టం. రోజుకు 6 చొప్పున 10 రోజులు వేస్తే గుర్తుంటుంది. పైగా గడువు రాత్రి 7 కాబట్టి రాత్రి 9 స్పాటు ఆ రోజుకి దండగ. మధ్యాహ్నం 3 నుంచి 6 మధ్య ఎక్కువ వేయండి, మిగిలినవి ఉదయం బడి వేళకు ముందు. మొదలుపెట్టేది బడులు తెరిచే వారం. ఇలా కారణంతో సహా రాస్తే, స్క్రిప్టు కాస్త బలహీనంగా ఉన్నా మిమ్మల్ని పక్కన పెట్టరు.

వీలైతే రికార్డు చేసి పట్టుకెళ్లండి. కంప్యూటర్లో గొంతు రికార్డు చేసి ఎడిట్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితమే. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంచండి. ఎదురుగా పెడితే ప, భ అక్షరాల గాలి మైకును కొడుతుంది. గది ప్రతిధ్వనిస్తుంటే బట్టల బీరువా తెరిచి దాని ముందు చదవండి. గొంతు, చప్పుళ్లు, సంగీతం కలిపి మిక్స్ చేశాక హెడ్‌ఫోన్లు తీసేసి ఫోన్ స్పీకర్లో వినండి, సంగీతం గొంతును మింగేస్తోందో లేదో అక్కడే తెలుస్తుంది.

ఫలితం ఎలా కొలుస్తారని తప్పకుండా అడుగుతారు. వచ్చిన ప్రతివాళ్లనూ ‘మా గురించి ఎక్కడ విన్నారు?’ అని కౌంటర్లో అడిగి నోట్ చేయడం, ప్రకటనకు ముందు రెండు వారాల అమ్మకాలతో పోల్చడం చెప్పండి. ఇంకో ప్రశ్న కూడా రావచ్చు: ‘క్లయింటు అయిదు విషయాలు పెట్టమంటే?’ వాదించకండి. ముఖ్యమైనది ఒకటి ఇందులో ఉంచి, మిగతావాటికి 10 సెకన్ల ప్రకటనలు విడిగా రాసిస్తానని చెప్పండి. ఒకటి రాసి చూపించగలిగితే మరీ మంచిది.