ఏథెన్స్ వెళ్తున్న మేనకోడలికి: కొండ మూడో రోజు ఎక్కు

అమ్మలూ,

నువ్వు పంపిన ప్లాన్ చూశాను, మొదటిరోజు పొద్దున్నే అక్రోపోలిస్ కొండ అని పెట్టావు, దాన్ని మూడో రోజుకి మార్చు. చాలామంది దిగగానే కొండెక్కేసి పైనున్న పార్థెనాన్ గుడి ముందు ఫొటో దిగి, విరిగిన స్తంభాలు తప్ప ఏం లేవేంటి అనుకుంటూ కిందకొచ్చేస్తారు. వాళ్ళ తప్పు కాదు, కంటికి ఇంకా అలవాటు కాలేదు. ఆ గుడి కట్టినవాళ్ళు ఎంత దూరం వచ్చారో తెలియాలంటే ముందు ఎక్కడ మొదలెట్టారో చూడాలి కదా.

అందుకే మొదటిరోజు నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియం. చాలా పెద్దది, అన్నీ చూసేయాలని పెట్టుకోకు. సునియన్ కూరోస్ దగ్గర ఆగు, క్రీ.పూ. 600 ప్రాంతపు కుర్రాడి విగ్రహం, మూడు మీటర్ల పైనే ఉంటాడు. ఎడమకాలు ముందుకి వేసి ఉంటుంది కానీ నడుస్తున్నట్టుండదు, బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా ఉంటుంది, పిడికిళ్ళు బిగించి ఉంటాయి, చెవి చూస్తే ముగ్గులో మెలికలా ఉంటుంది. పక్కకెళ్ళి చూడు, నాలుగు పలకల రాయి ఇంకా తెలుస్తూనే ఉంటుంది. అక్కణ్ణుంచి తిన్నగా ఆర్టెమిసియన్ కంచు విగ్రహం దగ్గరికి పో, 1920ల్లో సముద్రం అడుగునుంచి తీశారు, చేతిలో ఉన్నదేదో పోయింది కాబట్టి గ్రీకు దేవుళ్ళలో జ్యూసా పొసైడానా అని ఇప్పటికీ వాదించుకుంటారు. రెండు చేతులూ చాచి, వెనక మడమ లేచి, విసరబోతున్న క్షణంలో ఉంటాడు. ఇది క్రీ.పూ. 460 ప్రాంతంది. నూట నలభై ఏళ్ళలో అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చారమ్మా, నాకైతే పార్థెనాన్ కంటే ఇదే పెద్ద విషయం.

ఇంకోటి, పాలరాతి విగ్రహం కాలి వెనక చెట్టు మొద్దు లాంటిది కనిపిస్తే లేబుల్ చదువు, చాలాసార్లు రోమన్ కాపీ అని ఉంటుంది. కంచు దాని బరువు అది మోసుకుంటుంది, పాలరాయికి ఆసరా కావాలి. గ్రీకుల కంచు విగ్రహాల్లో చాలామటుకు తర్వాతి కాలాల్లో కరిగించేశారు, అందుకే సముద్రంలో మునిగినవి దక్కాయి.

రెండోరోజు అక్రోపోలిస్ మ్యూజియం. క్రిటియోస్ కుర్రాడని చిన్న విగ్రహం ఉంటుంది, క్రీ.పూ. 480 ప్రాంతంది, తొందరలో దాటేసి వెళ్ళిపోతావేమో, ఆగు. బరువు ఒక కాలి మీద వేశాడు, ఆ వైపు నడుం కొంచెం లేచింది, తల కాస్త తిరిగింది. నిన్న చూసిన రెంటికీ మధ్య మెట్టు ఇదే. నువ్వూ అలాగే ఒక కాలి మీద బరువేసి నిలబడి చూడు, నీ ఒంట్లో ఏది లేస్తుందో ఏది దిగుతుందో తెలుస్తుంది. అక్కడే అమ్మాయిల విగ్రహాల మీద రంగు మిగిలి ఉంటుంది, దగ్గరగా చూడు, ఈ తెల్ల విగ్రహాలన్నీ అప్పట్లో రంగులేసినవే.

పై అంతస్తులో పార్థెనాన్ ఫ్రీజ్ ఉంటుంది, గుడి లోపలి గోడ పైన చుట్టూ తిరిగే 160 మీటర్ల శిల్పాల పట్టీ. నైరుతి మూలనుంచి మొదలుపెట్టు, ఊరేగింపు అక్కడ రెండుగా చీలి, రెండు వైపులా వెళ్ళి తూర్పున దేవతల దగ్గర కలుస్తుంది. తేనెరంగువి అసలువి, తెల్లగా ఉన్నవి ప్లాస్టర్ కాపీలు, వాటి అసలువి చాలావరకు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ మనుషులు 1801 నుంచి ఊడదీసి పట్టుకుపోయినవి. మన అమరావతి శిల్పాలు కూడా ఆ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి కాబట్టి ఆ తెల్ల ముక్కల ముందు నిలబడితే నాకు కడుపు మండుతుంది, నీకూ మండుతుందనే అనుకుంటున్నా.

ఇక మూడోరోజు కొండ. టైమ్ స్లాట్ టికెట్ ముందే ఆన్‌లైన్లో తీసుకో, పొద్దున్నే మొదటి స్లాట్ అయితే మంచిది, చెప్పులు మాత్రం గ్రిప్ ఉన్నవి వేసుకో, అరిగిన రాయి బాగా జారుతుంది. పార్థెనాన్ క్రీ.పూ. 447లో మొదలెట్టి 432కి ముగించారు, ఇక్టినోస్, కల్లిక్రాటెస్ కట్టారు, శిల్పాల పని ఫిడియాస్ చూసుకున్నాడు. ఎదురుగా నిలబడి ఊరుకోకు, ఒక మూలనుంచి మెట్టు అంచు వెంట అవతలి మూలకి చూపు పోనివ్వు. తిన్నగా ఉండదు, మధ్యలో ఉబ్బుతుంది, పొడుగు వైపు దాదాపు 11 సెంటీమీటర్లు. స్తంభాలు లోపలికి వాలి ఉంటాయి, మూల స్తంభాలు మిగతావాటికంటే కాస్త లావు. అంటే ప్రతి రాయీ దాని చోటుకి విడిగా చెక్కాల్సిందే, ఒకదాని బదులు ఇంకోటి పెడితే కుదరదు. నేను బతుకంతా సివిల్ పనులు చేయించినవాణ్ణి, లేజర్ లెవెల్ చేతిలో ఉన్నా ఆ పని చేయించాలంటే భయమేస్తుంది.

కొత్త తెల్ల రాతి అతుకులు చూసి మొహం చిట్లించకు. పాతవాళ్ళు ఇనప బిగింపులకి సీసం పోశారు, అవి చాలా వరకు నిలిచాయి. గత శతాబ్దం మొదట్లో రిపేర్ చేసినవాళ్ళు సీసం లేకుండా ఇనుము పెట్టారు, తుప్పు పట్టి ఉబ్బి రాయిని పగలగొట్టింది, ఇప్పుడు అవన్నీ తీసి టైటానియం వేస్తున్నారు.

నాలుగోరోజు ఖాళీ అన్నావు, షాపింగ్ మానేసి డెల్ఫీ వెళ్ళు, అక్కడి రథసారథి కంచు విగ్రహానికి కళ్ళు ఇంకా పొదిగినవి పొదిగినట్టే ఉన్నాయి. బస్సుకి మూడు గంటల దాకా పడుతుంది, పొద్దున్న బస్సే ఎక్కు, తిరుగు టికెట్ కూడా అప్పుడే తీసుకో.

మీ మావయ్య