పైలం బిడ్డా, అది తాత ఫోటో

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. దేవరకొండ ఇల్లు సదురుతుంటే మా తాత ఫోటో నీకు దొరికిందట. ఆయన ఏ ఫౌజుల పని చేసిండో తేల్చుత అంటున్నవట, రంగులద్ది చుట్టాలందరికీ పంపుత అంటున్నవట. ముత్తాత ముచ్చట అడిగేటోడు ఒకడు మన ఇంట్ల పుట్టిండని నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. తెల్లారేదాక నిద్ర మాత్రం పట్టలేదు.

తడిగుడ్డ పెట్టి తుడవకు. అద్దానికి అంటుకొని ఉంటే గుంజకు, బొమ్మ పొర ఊడొస్తది. అద్దంతోనే స్కాన్ చెయ్. వెనక దిక్కు గూడ చెయ్. చుట్టూ ఉన్న అట్టను కత్తిరించకు, స్టూడియో పేరు దాని మీదనే ఉంటది. వెనక ఉర్దూల సాలు రాసి ఉంటే హిజ్రీనో (ముసల్మానుల సాలు) ఫస్లీనో (సర్కారు సాలు) ముందు కనుక్కో. నిజాం సర్కారు కాయిదాలల్ల ఫస్లీ నడిచేది, దానికి 590 కలుపుకోవాలె. 1330 అని ఉంటే ఫస్లీ లెక్కన 1920-21 అయితది, హిజ్రీ లెక్కన 1911-12. ఈ తేడాకే మనిషి కథ మారిపోతది.

నా పెండ్లి 1971ల. అప్పటికి అమ్మమ్మ పోయి రెండేండ్లు. ఆమె ఇనుప పెట్టె అడుగున ఒక వెండి బిళ్ల దొరికింది, రూపాయి కన్న పెద్దది, పైన తగిలించే కొక్కెంతోటి. ఒక దిక్కు రాజు తలకాయ, ఇంకో దిక్కు గుర్రం మీద బట్టల్లేని మనిషి, పక్కన 1914, 1918 అని అంకెలు. అంచు చుట్టూ సన్నటి ఇంగ్లీషు అక్షరాలు. నేను అప్పటికే బి.ఏ. పాసైన దాన్ని. ఆ అక్షరాలు చదవలేదు బిడ్డా. వేలు పెట్టి తడిమి చూసిన, గరుకుగ తగిలినయ్, అంతే. పెండ్లికి కాళ్ల పట్టీలు కావాలె, వెండి కొనే పైసలు నాయిన దగ్గర లేవు. అమ్మ "పాతదే గద, కరిగించుకో" అన్నది. అవుసలాయన గీటు పెట్టి చూసి, మంచి వెండమ్మా అన్నడు. ఇంకొంచెం వెండి కలిపి నా ముందటనే మూసల ఏసిండు. రాజు తలకాయ ముందుగాల మెత్తవడ్డది. నేను నవ్విన గూడ.

చాన ఏండ్లకు, బడి పంతుళ్లమందరం ఢిల్లీ పోయినప్పుడు, తీన్‌మూర్తి కాడ బస్సు ఆపిండ్రు. మూడు కంచు సిపాయిల బొమ్మలు, 1922ల నిలబెట్టినవి. హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ గుర్రపు దళాలకు గుర్తుగ పెట్టిన్రని చెప్పిన్రు. ఆ మూడు సంస్థానాల సవార్లు మొదటి ప్రపంచ లడాయిల పాలస్తీనాల ఒక్క బ్రిగేడుల కొట్లాడిన్రని విన్నంక నా కాళ్లు ఆడలేదు. చీర కుచ్చిళ్ల కింద ఆ పట్టీలే ఉన్నయ్. నేను కరిగించిన బిళ్ల ఆ లడాయి మెడలేనని, దాని అంచున సిపాయి నంబరు, హోదా, పేరు, దళం చెక్కేటోళ్లని తర్వాత తెలిసింది. వెండిది సిపాయిలకు ఇచ్చిన్రు, కూలీ దళాలకు కంచుది ఇచ్చిన్రు. నువ్వు ఇప్పుడు వెతకవోయేదంతా నా వేలి కింద ఒక్క వరుసల ఉండె.

అందుకని నీకు చెప్తున్న, ఇంట్ల ఏ పాత వస్తువూ పారెయ్యకు. బొత్తాం, బెల్టు బిళ్ల, తుప్పు వట్టిన గుండుసూది గూడ. అంతెందుకు, ఆ పెట్టె అమ్మితే నిన్ను ఇంట్లకు రానియ్య.

ఇంకో మాట. మెడల్ మా తాతదే అని నేను ప్రమాణం చెయ్యలేను. ఆయన కష్టంల ఉన్నోళ్లకు అప్పులిచ్చేటోడు, ఎవలన్న తాకట్టు పెట్టి పోయిన్రేమో. అది ఫోటోనే చెప్పాలె. ఆయన ఛాతీ మీద మెడల్ తగిలించే చిన్న బట్ట పట్టీ ఉన్నట్టు నాకు యాది. భూతద్దం పెట్టి చూడు. ఎడమ దిక్కు ఉంటే ఆయన సంపాయించింది. చచ్చిపోయిన తండ్రిదో అన్నదో అయితే కుడి దిక్కు పెట్టుకుంటరు. ఆ మెడల్ పట్టీ నడుమ నారింజ రంగు వెడల్పుగ, అటు ఇటు తెలుపు, నలుపు, కొసకు నీలం. కానీ ఆ కాలం ఫిల్ముల నారింజ, ఎరుపు నల్లగ పడుతయ్, నీలం తెల్లగ పడ్తది. నీ ఫోన్ అద్దే రంగులు అదే ఊహించి పెట్టేవి, వాటిని నమ్మి దళం పేరు చెప్పకు. భుజం మీద ఇత్తడి అక్షరాలున్నయా, అంగీ చెయ్యి మీద హోదా గీతలు ఎన్నున్నయ్, ఎడమ భుజం మీదుగ తూటాల సంచుల తోలు పట్టా ఉన్నదా, ముందు ఇవి కాయిదం మీద రాసుకో. కాళ్ల దగ్గర చెదలు తిన్నది, బూట్లకు సవార్లు పెట్టుకునే గుర్రపు ముల్లు ఉన్నదో లేదో ఇగ తెలువది. 'హైదరాబాద్ రెజిమెంట్' అని ఎక్కడన్న చదివితే నిజాం ఫౌజు అనుకోకు, అది ఇంగ్లీషోళ్ల పటాలం, 1945ల కుమావ్ రెజిమెంట్ అయింది.

అన్నిటికన్న నా భయం వేరు. 1948ల పోలీసు చర్య అయినంక అమ్మ ఈ ఫోటోను గోడ మీదికెల్లి తీసి వడ్ల గరిసెల దాచింది. ఖాకీ బట్టలు, నడుముకు బెల్టు. మన నల్లగొండల ఆ బట్ట చూస్తే జనానికి యాదికొచ్చేది ఒక్కటే మాట. ఊళ్లు కాలినయ్ బిడ్డా, మనుషులు పోయిన్రు, వాళ్లకు గుర్తుండుడు తప్పు కాదు. నా చిన్నతనంల బడిల ఒక పిల్ల "మీ తాత రజాకార్ అట గద" అన్నది. నేను ఏమీ అనలేక ఇంటికొచ్చి ఏడ్చిన. ఇప్పుడైతే లెక్క చెప్పేదాన్ని. అమ్మ పుట్టింది 1922ల, ఫోటోల మనిషికి పాతికేండ్లు దాటలేదు, రజాకార్ల నాటికి ఆయనకు యాభై దాటినయ్. ఆబ్కారీ జవాను, రైల్వే మనిషి, పోలీసు గూడ ఖాకీనే తొడిగెటోళ్లు. నువ్వు చుట్టాల గ్రూపుల పెడితే ఎవలో ఒక్క మాట అంటరు, అది నూరు ఫోన్లకు పోతది. తేలేదాక పెట్టకు, నా మీద ఒట్టు.

మన ఊరి ముసలోళ్లను "ఆయన సిపాయా" అని అడగకు, అవునంటరు. ఎప్పుడు పోయిండు, ఎన్నాళ్లకొచ్చిండు, మనియార్డరు ఎవలందుకున్నరు అని అడుగు. తర్వాత తార్నాకల రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పో. ఉర్దూ, ఫార్సీ చదివేటోళ్లను వెంట తీస్కపో. కామన్వెల్త్ యుద్ధ సమాధుల జాబితాల ఆయన పేరే దొరికిందని ఎగరకు, అది లడాయిల సచ్చిపోయినోళ్ల జాబితా. మా తాత మా పెరట్ల చింతచెట్టు కింద పండుకొని పోయిండు, నేను నీళ్లు పోసిన.

దసరాకు మీ అమ్మను తోలుకరా. రాత్రి బండి మీద రాకు, బస్సుల రా. ఫోటోను రెండు అట్టల నడుమ పెట్టి తే. పట్టీలు తీసి తుడిచి పెట్టిన, కుడి దానికి ఒక మువ్వ లేదు.

— పెద్దమ్మ