నిద్ర తగ్గితే షుగర్ నిజంగానే పెరుగుతుందా?

పెరగొచ్చండీ, తిండి మార్చకపోయినా సరే. 1999లో షికాగో యూనివర్సిటీ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రాళ్ళని వరసగా 6 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చి టెస్ట్ చేస్తే రక్తంలో గ్లూకోజ్ తగ్గడానికి బాగా ఎక్కువ టైం పట్టింది, సాయంత్రానికి తగ్గాల్సిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కూడా ఎక్కువే ఉంది. దానికి తోడు నిద్ర చాలకపోతే ఆకలెక్కువ, చిరాకు, ఏ పనీ చెయ్యబుద్ధి కాదు, రోజంతా కదలకుండా కూర్చుంటే రాత్రి మళ్ళీ సరిగా నిద్ర పట్టదు. నైట్ షిఫ్ట్ వాళ్ళకి మరీ కష్టం పాపం. నన్నడిగితే ముందు నడక మొదలుపెట్టండి, భోజనం అయ్యాక 10, 15 నిమిషాలైనా మంచిదే, కదిలే కండరాలు ఇన్సులిన్ పెద్దగా లేకపోయినా గ్లూకోజ్ లాక్కుంటాయి. షుగర్ మందులు వాడుతుంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా డోసు మార్చొద్దు.