ముందు ఆ ముప్పై నిమిషాల సంగతి చూడు, బిడ్డా

బిడ్డా,

ఫైనలియర్ ప్రాజెక్టు మొత్తం గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్ మీద, అంటే గిట్‌హబ్ వాళ్లు కోడ్ రాసుకోవడానికి క్లౌడ్‌లో ఇచ్చే మెషిన్ల మీద, చేస్తున్నారని, మీ నలుగురికీ అన్నీ నువ్వే సెట్ చేస్తున్నావని రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ పాత ల్యాప్‌టాప్‌తో కుస్తీ పట్టకుండా క్లౌడ్‌లో మెషిన్ తీసుకోవాలని నీకు నువ్వే అనుకున్నావంటే ఎంత గర్వంగా అనిపించిందో! తర్వాత మాత్రం నిద్ర పట్టలేదు.

తేలికైనవి చెప్పేస్తాను. సెట్టింగ్స్‌లో కోడ్‌స్పేసెస్ పేజీ తెరువు. రీజియన్ ఆగ్నేయాసియా పెట్టు. పాస్‌వర్డులు ఫైల్లో రాయకు, వాటికోసమే ఉన్న సీక్రెట్స్‌లో దాచు. మెషిన్ రెండు కోర్లది చాలు. మామూలు ఉచిత ఖాతాకు నెలకు 120 కోర్ గంటలు ఇస్తారు, అంటే మెషిన్‌లోని కోర్లను నడిచిన గంటలతో గుణించిన లెక్క. రెండు కోర్లయితే 60 గంటలు వాడుకోవచ్చు, నాలుగైతే 30కే అయిపోతాయి. ఇవన్నీ నీ ఒక్క ఖాతాకే వర్తిస్తాయి కాబట్టి మిగతా ముగ్గురినీ పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల చేతే పెట్టించు.

ఇక ఐడిల్ టైమవుట్, అంటే నువ్వు పని చేయకుండా ఎంతసేపు ఉంటే మెషిన్ దానంతటదే ఆగాలో ఆ లెక్క. 30 నిమిషాలు అని ఉంటుంది. 240 దాకా పెంచుకోవచ్చు. పెంచకు.

2018 దసరాకు ముందు నేను హైదరాబాద్‌లో ఒక టీమ్ లీడ్‌ని. రాత్రంతా నడవాల్సిన టెస్టు మధ్యలో మెషిన్ ఆగిపోతోందని చిరాకు పడి, దానంతటదే ఆగే ఏర్పాటునే తీసేశాను. నా ఒక్క మెషిన్‌కు తీయాల్సింది, టీమందరి కొత్త మెషిన్లకూ మామూలుగా వచ్చే డిఫాల్ట్ సెట్టింగ్‌లో తీశాను. టెస్టు అయిపోయింది, నా మెషిన్ ఆపేసి ఊరికి వచ్చేశాను. ఆ వారంలో కొత్తగా మెషిన్లు తీసుకున్న ఆరుగురు పిల్లలు బ్రౌజర్ మూసేసి పండక్కి వెళ్లిపోయారు.

అప్పుడు నువ్వు బడికి పోయే పిల్లవి, మీ అమ్మ పక్కన కూర్చుని తంగేడు పూలు అందిస్తున్నావు. తాత నన్ను బావి దగ్గరికి తీసుకుపోయి, మోటారుకు ఆటో స్టార్టర్ పీకేసిన చోటు చూపించాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే నడవాలని ఎన్నేళ్ల కిందో పెట్టించుకున్నది. ఆ ఏడు జనవరి నుంచి 24 గంటల కరెంటు వచ్చాక, ఇక అది ఉంటే బావి ఎండేదాకా నడుస్తుందని తీయించేశాడు. "మడి తడిసిందో లేదో మోటారుకు తెల్వదు బిడ్డా" అన్నాడు. నేను తల ఊపాను. అదే గంటలో అక్కడ ఆరు మెషిన్లు నడుస్తున్నాయి.

తిరిగి వెళ్లేసరికి వచ్చిన బిల్లు నా మూడు నెలల జీతం కంటే ఎక్కువ. ఎవరు మార్చారని మేనేజర్ అడిగితే నోరు పెగల్లేదు. కొత్తగా చేరిన ఒకమ్మాయి తన మెషిన్ వల్లేననుకుని మెట్ల దగ్గర నిలబడి ఏడ్చింది. సాయంత్రానికి గానీ నేనే చేశానని ఒప్పుకోలేకపోయాను. డబ్బు సంగతి కంపెనీ చూసుకుంది. ఆ పిల్ల ఏడ్చిన పూట మాత్రం ఇప్పటికీ నా లోపల అలాగే ఉంది.

అందుకే చెబుతున్నాను, ట్యాబ్ మూసిన వెంటనే మెషిన్ ఆగదు, నువ్వే ఆపాలి. సర్వర్ నడుస్తూ టెర్మినల్‌లో లైన్లు వస్తుంటే నువ్వు పని చేస్తున్నావనే అది అనుకుంటుంది. ఒక రోజు ఎక్కువ సేపు కావాలంటే, మెషిన్ తీసుకునేటప్పుడే కమాండ్ లైన్‌లో దానికొక్కదానికే టైం ఇవ్వు, డిఫాల్ట్ జోలికి పోకు. డిఫాల్ట్ మారిస్తే ఆ తర్వాత తీసుకునే మెషిన్లన్నిటికీ వర్తిస్తుంది.

ఇంకొకటి. ఆపేసిన మెషిన్‌ను 30 రోజులు తెరవకపోతే దానంతటదే డిలీట్ అవుతుంది, పుష్ చేయని కోడ్, అంటే గిట్‌హబ్‌కు పంపనిది, కూడా దాంతోనే పోతుంది. పరీక్షల నెలలో నువ్వు వేరే లోకంలో ఉంటావు, నాకు తెలుసు. చిన్నప్పుడు హోంవర్క్ పుస్తకాన్ని బావి గట్టున మరిచిపోయి వానకు తడిపావు కదా, అలా చేస్తే ఈసారి బాగా తిడతాను. రోజూ పడుకునే ముందు పుష్ చెయ్యి, మెషిన్ ఆపు, అప్పుడు అన్నం తిను. కాదు, అన్నం ముందు తిను.

సెట్టింగ్స్ పెట్టాక స్క్రీన్‌షాట్ పంపు. రాత్రి పదకొండయినా మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ