ఫిబ్రవరిలో వేస్తే కేల్ చేదెక్కదా మరి!

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. మిద్దె మీద పాలకూర, పుంటికూర బాగానే వస్తాయి. పోయిన ఫిబ్రవరి నడుమ ఆన్‌లైన్‌లో తెప్పించి కేల్ విత్తనాలు వేశాను. మొలిచాయి గానీ సరిగా ఎదగలేదు, వచ్చిన నాలుగాకులూ తోలులాగా గట్టిగా, నోట్లో పెట్టలేనంత చేదుగా ఉన్నాయి. విత్తనం నకిలీదంటారా? అసలు దీన్ని ఎప్పుడు వేయాలి, ఎప్పుడు కోయాలి?
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: విత్తనాన్ని ఏమీ అనకండమ్మా, తప్పు నెలది. కేల్ అంటే క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్‌లకు సొంత తోబుట్టువు, ఉండ కట్టకుండా ఆకులు విప్పుకుని ఉంటుంది, అంతే తేడా. 15 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది, 30 దాటి కొన్నాళ్లు ఉంటే మొండికేస్తుంది. మీ ఫిబ్రవరి విత్తనాన్నే లెక్కేయండి. నారుకు నెల, నాటాక నెలన్నర, అంటే కోత ఏప్రిల్ చివర్లో. ఆ ఎండకు మన మిద్దె మీద మనమే చెప్పుల్లేకుండా నిలబడలేం, అది ఎలా నిలబడుతుంది!

అందుకే ఈ పంటకు కోత నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. వరంగల్‌లో మనకు దొరికే చలి డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి సగం. డిసెంబర్ నడుమ మొదటి ఆకు తెంపాలంటే అక్టోబర్ చివర్లో నాటాలి, అప్పటికి నారు చేతికి రావాలంటే హస్త కార్తెలో, అంటే సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ 10 లోపు గింజలు వేయాలి. బతుకమ్మ రోజులు అని గుర్తు పెట్టుకున్నా సరిపోతుంది, ఏటా వారం పదిరోజులు అటూ ఇటూ అవుతుంది గానీ కేల్‌కు అంత పట్టింపు లేదు. నవంబర్ మొదట్లో ఇంకో పది గింజలు వేసుకుంటే రెండో విడత వస్తుంది. ఆ తర్వాత ఇక ఆశ పెట్టుకోవద్దు.

అలాగని మరీ ముందుకూ జరగొద్దు. నేనొకసారి ఆత్రం ఆగక ఆగస్టులోనే నారు పోశాను, ముసురు పట్టి నాలుగు రోజులకే మొలకల మొదళ్లు మెత్తబడి ఒక్కొక్కటీ పక్కకు వాలిపోయాయి. నారుకుళ్లు అంటారు దాన్ని. ట్రేని వాన తగలని చోట, వెలుతురు ఉండేలా పెట్టి, పైమట్టి కాస్త ఆరాకే నీళ్లు చిలకరించండి.

గింజను సెంటీమీటరు లోతున వేస్తే వారంలో మొలుస్తుంది. నాలుగైదు ఆకులు వచ్చాక సాయంత్రం పూట, 12 అంగుళాల గ్రో బ్యాగుకు ఒక్క మొక్క చొప్పున నాటండి. బాగా మాగిన పశువుల ఎరువు మట్టిలో మూడో వంతు కలపండి, ఆకు పంట కదా, తిండి కావాలి.

ఇక కోత. మొక్కకు పదీ పన్నెండు ఆకులు వచ్చి, అడుగు ఆకు మీ అరచేయంత అయినప్పుడు మొదలుపెట్టండి. కాడను మొదలు దగ్గర పట్టుకుని కిందికి వంచితే టక్కున ఊడి వస్తుంది, కత్తెర అక్కర్లేదు. వారానికి మూడు నాలుగు ఆకులు, ఎప్పుడూ అడుగు నుంచే. నడినెత్తిన చిన్న ఆకులు ముడుచుకుని ఉంటాయి చూశారా, ఆ చిగురును మాత్రం ముట్టొద్దు, అది పోతే మొక్క పైకి ఎదగడం ఆగిపోతుంది, పైన కనీసం అయిదారు ఆకులు ఉంచండి. పొద్దున్నే తెంపితే ఆకు పెళపెళలాడుతుంది. వీడియోల్లో చూపించేంత పెద్ద ఆకు మన దగ్గర రాదు, మన డిసెంబర్ మధ్యాహ్నాలు కూడా వెచ్చనే మరి. బాగా చలి పడితే మొక్క తనలోని పిండిని చక్కెరగా మార్చుకుంటుంది, అందుకే రాత్రి 10 డిగ్రీల కిందికి దిగే ఆదిలాబాద్ వాళ్ల కేల్ మనకంటే తియ్యగా ఉండొచ్చు, కుళ్లుకుని లాభం లేదు.

ప్రశ్న: గిరజాల కేల్ వేశాను. ఆకుల మడతల్లో బూడిద రంగు పురుగులు గుంపులుగా ఉన్నాయి, కడిగినా పోవట్లేదు. ఏ మందు కొట్టాలి?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అది పేనుబంక. తినే ఆకు మీద ఘాటు మందుల జోలికి పోకండన్నా. ముందు నీళ్ల పైపుతో ఆకు అడుగున గట్టిగా కొట్టండి, సగం అక్కడే రాలిపోతాయి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి పొద్దుగూకాక పిచికారీ చేయండి, వారానికోసారి. పక్క కుండీలో గుప్పెడు ఆవాలు చల్లి పెడితే చాలా పురుగులు అటే పోతాయి. వచ్చే ఏడాది మడతల్లేని పొడుగాకు రకం వేయండి, కడగడం తేలిక.

ప్రశ్న: మా నాన్నకు రక్తం పలచబడే మాత్రలు ఇస్తున్నారు. కేల్ పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: అది వార్ఫరిన్ అయితే డాక్టర్‌ను అడిగాకే పెట్టండి. కేల్‌లో విటమిన్ కె చాలా ఎక్కువ, మాత్ర పనిని తగ్గిస్తుంది. మిగతా ఇంట్లోవాళ్లకు ఈనె తీసేసి, సన్నగా తరిగి, వెల్లుల్లి దట్టంగా వేసి పప్పు చేయండి.